సూది కోసం సోదికెళితే

మెడ పట్టేసిందని ఫిజియోథెరపీకి వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఈమధ్య వ్యాయామాల కాగితం కంటే ముందు సూదుల ప్యాకెట్ కనబడుతోంది. వైద్యం పేరు డ్రై నీడ్లింగ్. మందూ మాకూ లేని సన్నటి సూదిని కండరం ముడి పడ్డ చోట, అంటే ట్రిగ్గర్ పాయింట్‌లో, దించి పైకీ కిందికీ ఆడిస్తారు. కండరం ఉలిక్కిపడితే థెరపిస్టు మొహం వెలిగిపోతుంది. ‘దొరికిందండీ!’ అంటాడు. గోడ మీద ‘ఎవిడెన్స్ బేస్డ్’ అని బోర్డు. ఆ ఎవిడెన్స్ ఏమిటో చూద్దామని బయల్దేరినవాడికి, సామెతలో సూది కోసం సోదికెళ్లినట్టే, పాత సంగతులన్నీ వరసపెట్టి బయటపడతాయి.

ఈ వైద్యానికి ఆద్యుల్లో ఒకరు చెక్ వైద్యుడు కారెల్ లెవిట్. ఆయన 1979లో ‘పెయిన్’ పత్రికలో ఒక పరిశీలన ప్రకటించారు. 241 మంది రోగులు, 312 నొప్పి చోట్లు. అందులో 86.8 శాతం చోట్ల సూది పడగానే నొప్పి పోయిందట! మరి సూది గుచ్చకుండా పోల్చి చూసినవాళ్లు ఎందరు? ఒక్కరూ లేరు. ఒక్కరే పరుగెత్తిన పందెంలో మొదటి బహుమతి ఎవరిదో చెప్పడానికి గణాంకశాస్త్రం అక్కర్లేదు.

2001లో కమింగ్స్, వైట్ అనే ఇద్దరు 23 ప్రయోగాలను ముందేసుకుని కూర్చున్నారు. సూదిలో మందున్నా లేకున్నా ఫలితం ఒకటేనని తేల్చారు. డ్రై నీడ్లింగ్ వారికి ఇంతకంటే తీపి కబురేముంది? ఆ సమీక్షలోనే ఇంకో ముక్క కూడా ఉంది. ఉత్తుత్తి చికిత్సను మించి సూది పనిచేస్తుందని ఆ ప్రయోగాలు నిరూపించనూ లేదు, కొట్టిపారేయనూ లేదు. ఈ రెండో ముక్క బోర్డు మీదికి ఎక్కలేదు. చోటు చాల్లేదేమో.

అసలు ఆ ముడి ఉందా? 1992లో వోల్ఫ్ బృందం ఓ తుంటరి పని చేసింది. ట్రిగ్గర్ పాయింట్ నొప్పి ఉన్నవాళ్లను, ఒళ్లంతా నొప్పులు పెట్టే ఫైబ్రోమయాల్జియా రోగులను, ఏ జబ్బూ లేనివాళ్లను కలిపి, ఎవరు ఎవరో చెప్పకుండా నిపుణుల చేతికి అప్పగించింది. బిగుసుకున్న కండరపు పట్టీలు 50 శాతం చోట్ల, ఉలికిపాట్లు 30 శాతం చోట్ల దొరికాయి. మూడు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా! ‘దొరికిందండీ’ అనిపించుకోవడానికి జబ్బు ఉండాల్సిన పనేమీ లేదన్నమాట. ఈ అధ్యయనం రాసినవాళ్లలో డేవిడ్ సైమన్స్ కూడా ఉన్నారు. జానెట్ ట్రావెల్‌తో కలిసి ట్రిగ్గర్ పాయింట్లకు ప్రామాణిక గ్రంథం రాసిన ఆ సైమన్సే.

ఇక పోలిక పెట్టడమే పెద్ద తంటా. మాత్రలైతే పంచదార బిళ్ల ఇచ్చి ఊరుకోవచ్చు. సూది దిగిందో లేదో రోగికి తెలియకుండా ఎలా దాస్తారు? గుచ్చే చేతికి ఎలాగూ తెలుసు. పైగా ఉత్తుత్తి సూది కూడా ఊరికే ఉండదు. జర్మనీలో 1162 మంది నడుంనొప్పి రోగులపై జరిగిన ఆక్యుపంక్చర్ ప్రయోగం ఫలితాలు 2007లో వచ్చాయి. శాస్త్రోక్తంగా గుచ్చితే 47.6 శాతం మందికి గుణం కనిపించింది. చోటుకాని చోట పైపైన గుచ్చితే 44.2 శాతం మందికి! మామూలు వైద్యంతో 27.4 శాతమే. సూదికి మహిమ ఉందేమో గానీ, ఎక్కడ గుచ్చాలన్న విద్యకు మాత్రం పెద్దగా ఉన్నట్టు లేదు.

‘మాది ఆక్యుపంక్చర్ కాదండీ’ అని వెంటనే అభ్యంతరం వస్తుంది. నిజమే. అమెరికాలో ఈ తగవు కోర్టుకెక్కితే నార్త్ కరోలినా సుప్రీంకోర్టు 2018లో ఫిజియోథెరపిస్టుల వైపే తీర్పిచ్చింది. సూదికి ఆ తీర్పు కాపీ అందిందో లేదో.

2017లో గాటీ, మరో ఇద్దరు 13 ప్రయోగాలను మదింపు చేశారు. 12 వారాల లోపు నొప్పి తగ్గడంలో సూదిది కాస్త పైచేయి అన్నారు. ఆ ఆధారాల నాణ్యత? ‘చాలా తక్కువ’ నుంచి ‘ఒక మోస్తరు’ దాకా. చెయ్యెత్తడం, వంగడం లాంటి పనుల్లో మాత్రం ఇతర ఫిజియోథెరపీ చికిత్సల కంటే మెరుగేమీ లేదు. 2020లో 116 మంది దీర్ఘకాలిక మెడనొప్పి రోగులపై ఇంకో ప్రయోగం ఫలితం వచ్చింది. మార్గదర్శకాల ప్రకారం చేసే ఫిజియోథెరపీకి సూదిని జోడిస్తే అదనంగా ఒరిగిందేమిటో వ్యాసం శీర్షికలోనే రాసేశారు: ఏమీ లేదని. ఆ వ్యాసాన్ని అచ్చువేసింది ఫిజియోథెరపీ పత్రికే. సొంత ఇంట్లోవాళ్లు చెప్పిన మాటను బయటివాళ్ల కుట్ర అనడానికీ వీల్లేదు.

ఇంత జరిగాక కూడా ‘నాకు తగ్గిందిగా’ అనేవాళ్లు ఉంటారు. తగ్గే ఉంటుంది. పట్టేసిన మెడ చాలామందికి కొద్ది రోజుల్లో దానంతటదే వదులుతుంది. ఆ రోజుల్లోనే సూది పడితే ఘనత సూదికి, బిల్లు రోగికి.

లెక్కలు ఇంతకంటే నిక్కచ్చిగా దొరికే విభాగం ఒకటుంది: దుష్ఫలితాలు. 2020లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం అమెరికాలో 420 మంది ఫిజియోథెరపిస్టులు తమ 20,494 చికిత్సలను తామే నమోదు చేశారు. రక్తం కారడం, కమిలిపోవడం, గుచ్చేటప్పుడు నొప్పి వంటి చిన్నాచితకా ఇబ్బందులు 36.7 శాతం. పెద్ద ప్రమాదాలు 20, అంటే వెయ్యికి ఒకటి. అరుదే, కాదనడానికి లేదు. 2013లో ఆ అరుదైన వంతు అమెరికన్ స్కీయింగ్ క్రీడాకారుడు టోరిన్ యేటర్-వాలెస్‌కు వచ్చింది. సూది ఊపిరితిత్తికి తగిలి గాలి పోయింది. సోచి ఒలింపిక్స్‌కు అప్పటికి రెండు నెలలే ఉంది.