నాజ్కా గీతల మీదుగా: ఒక రహదారి ఆత్మకథ

దక్షిణ అమెరికా పడమటి అంచున ఉన్న పెరూ దేశపు తీర ఎడారిలో, రాజధాని లిమా నుంచి దక్షిణంగా సుమారు 450 కిలోమీటర్లు సాగి నాజ్కా అనే చిన్న పట్టణాన్ని చేరి, అక్కడా ఆగక చిలీ సరిహద్దు దాకా పోయే తారురోడ్డు ఒకటుంది. ప్రపంచం పాన్ అమెరికన్ రహదారి అని పిలిచే మహామార్గంలో ఇది ఒక భాగం. అమెరికా ఖండాలు రెండింటినీ ఒకే దారితో కలపాలన్న ఆలోచన 1923లో శాంటియాగోలో జరిగిన అమెరికా దేశాల సమావేశంలో రూపుదిద్దుకుంది. పనామా, కొలంబియాల నడుమ ఉన్న సుమారు నూరు కిలోమీటర్ల అడవి మాత్రం ఆ ఆలోచనకు నేటికీ లొంగలేదు. ఇక్కడ చెప్పబోయేది ఆ రహదారి స్వీయచరిత్ర, చెబుతున్నదీ ఆ రహదారే; అయితే తన కథకన్నా తన మీదుగా పోయినవారి కథ పెద్దదని ఎరిగినది కనుక, గ్రంథకర్తలు తమను 'ఈ రచయిత' అని పేర్కొన్నట్టే, ఇది కూడా తనను 'ఈ రహదారి' అనే పేర్కొంటుంది.

లిమాలో బయలుదేరిన బస్సు నాజ్కా చేరడానికి ఏడెనిమిది గంటలు పడుతుంది. కుడివైపు పసిఫిక్ సముద్రం, ఎడమవైపు చెట్టూ చేమా లేని బోడిగుట్టలు, మధ్యమధ్య ఆండీస్ పర్వతాల నుంచి దిగివచ్చే ఏటి లోయల్లో పత్తి, ద్రాక్ష తోటల పచ్చని పట్టీలు కనిపిస్తాయి. ఒక లోయ దాటగానే మళ్ళీ ఇసుక మొదలవుతుంది. చించా, పిస్కో దాటి సముద్రాన్ని వదిలి లోపలికి తిరిగిన తరువాత, ద్రాక్షసారాకు పేరుపడ్డ ఇకా నగరం వస్తుంది. అక్కడి నుంచి పల్పా, ఇంగెనియో లోయల్లోకి దిగి ఎక్కితే, ఒక్కసారిగా ఎత్తుపల్లాలు తగ్గిపోయి, సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్న బల్లపరుపు రాతినేల తెరుచుకుంటుంది. ఆండీస్ ప్రజల కెచువా భాషలో ఇటువంటి మైదానాన్ని 'పంపా' అంటారు. రాత్రి బస్సులో నిద్రపోతూ వచ్చే యాత్రికులు చాలామంది, తాము వెతుక్కుంటూ వచ్చిన బొమ్మల నడుమ నుంచే చీకట్లో దాటిపోతున్నామని ఎరుగరు.

ఈ నేల ఇంత ఎండిపోవడానికి కారణం సముద్రమే అంటే వింతగా తోచవచ్చు. అంటార్కిటికా వైపు నుంచి పెరూ తీరం వెంబడి పైకి ప్రవహించే హంబోల్ట్ ప్రవాహం అనే చల్లటి నీరు తన మీది గాలిని కూడా చల్లబరుస్తుంది. చల్లబడిన గాలి పైకి లేవదు, పైకి లేవని గాలి వాన కురిపించదు. అందువల్ల తీరంలో మంచుతెర కమ్ముతుందే గాని, పంపా మీద ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల వాన పడితే అదే ఎక్కువ. నేల పైపొరలో ఉన్న గులకరాళ్ళకు ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లు పట్టి వేల ఏళ్ళుగా ముదురు గోధుమరంగు పూత ఏర్పడింది. ఆ రాళ్ళను తొలగిస్తే, 10 నుంచి 30 సెంటీమీటర్ల లోతులోనే లేత పసుపు మట్టి బయటపడుతుంది. క్రీస్తుపూర్వం 500కు, క్రీస్తుశకం 500కు నడుమ ఇక్కడ నివసించిన ప్రజలు చేసిన పని ఇంతే: రాళ్ళు ఏరి, గీత రెండు అంచుల వెంట పోగేశారు. నేలనే పలకగా చేసుకుని గీసిన ఇటువంటి బొమ్మలను భూచిత్రాలు అంటారు. చెయ్యెత్తకుండా తిప్పే మెలికల ముగ్గు తెలిసినవారికి ఇక్కడి కోతి, సాలీడు, తేనెపిట్ట బొమ్మల్లోని పద్ధతి కొత్తగా అనిపించదు, ఎందుకంటే ఆ బొమ్మల్లో అనేకం తనను తాను ఖండించుకోని ఒకే గీతతో పుట్టాయి. అయితే ముగ్గు పిండి పోస్తే పుడుతుంది, నాజ్కా బొమ్మ ఉన్నదాన్ని తీసేస్తే పుడుతుంది. వాటిని చెరపగల వాన లేదు. నల్లరాళ్ళు ఎండకు వేడెక్కి నేలను ఆనుకుని వేడిగాలి పొర ఏర్పరుస్తాయి గనుక ఇసుకగాలి కూడా వాటిని అంతగా తాకలేదు.

ఈ రహదారి పుట్టుక మాత్రం తీసివేతతో కాదు, కంకరా మట్టీ తారూ పరిచి ఎత్తు చేయడంతో జరిగింది. 1930ల చివరి సంవత్సరాల్లో పంపా మీదుగా దీన్ని వేసినప్పుడు, సుమారు 180 మీటర్ల పొడవైన ఒక బల్లి బొమ్మ తోక భాగాన్ని ఇది అడ్డంగా కోసేసింది. నేల మీద నిలబడి చూసేవారికి ఆ బల్లి ఒకదానితో ఒకటి సంబంధం లేని రాళ్ళ వరుసలుగా మాత్రమే కనిపిస్తుంది కాబట్టి కొలత గొలుసుతో నడిచినవారికి అది తెలియకపోవడం సహజమేనని కొందరు సమర్థిస్తారు. ఆ సమర్థన సగమే నిజం. పెరూ పురావస్తు పరిశోధకుడు తొరిబియో మెహియా హెస్పె 1927లోనే, అంటే రోడ్డు రాకముందే, చుట్టుపక్కల గుట్టలెక్కి ఈ గీతలను చూశాడు; అవి మతపరమైన ఊరేగింపులు నడిచిన పవిత్ర మార్గాలని భావించాడు. రహదారులకు అభిప్రాయాలు ఉండవచ్చునంటే, ఈ రహదారి అభిప్రాయం మొదటినుంచీ ఆయన వైపే ఉంది.

ఆ తరువాత వచ్చినవారి చూపు నేలను వదిలి ఆకాశం వైపు తిరిగింది. ప్రాచీన పంటకాలువలను అధ్యయనం చేయడానికి వచ్చిన అమెరికన్ చరిత్రకారుడు పాల్ కోసాక్, 1941 జూన్‌లో, దక్షిణార్ధగోళంలో పగలు అతి తక్కువగా ఉండే రోజుల్లో, ఒక గీత చివరనే సూర్యుడు అస్తమించడం గమనించి, ఇదంతా నేల మీద రాసిన పంచాంగమై ఉండాలని ఊహించాడు. ఆ ఊహను జీవితాంతం మోసినది మరియా రైష్. 1903లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో పుట్టి, గణితం చదివి, 1932లో పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగం మీద పెరూ వచ్చిన ఆమె, 1940ల నుంచి ఈ మైదానాన్నే ఇల్లు చేసుకుంది. కొలత టేపు, నిచ్చెన, చీపురు ఆమె పరికరాలు. పేరుకున్న దుమ్మును, జారిన రాళ్ళను ఊడ్చి గీతలను తేటపరచే ఆ విదేశీ స్త్రీని చూసి స్థానికులు కొందరు పిచ్చిదనుకున్నారు. 1950ల మధ్యలో పంపాను సాగులోకి తెచ్చే నీటిపారుదల పథకం వచ్చినప్పుడు ఆమె గట్టిగా అడ్డుపడకపోయి ఉంటే, నేడు ఈ రహదారికి ఇరువైపులా పత్తిచేలే ఉండేవి. 1976లో ఆమె చొరవతో రోడ్డు పక్కనే సుమారు 13 మీటర్ల ఎత్తున ఒక ఇనుప బురుజు లేచింది. దాని మెట్లెక్కినవారికి ఒక చెట్టు బొమ్మ, తొమ్మిది వేళ్ళే ఉన్న రెండు చేతులు, తోక తెగిన ఆ బల్లి కనిపిస్తాయి. 1998లో మరణించిన ఆమె సమాధి, ఆమె బతికిన చిన్న ఇల్లు కూడా ఈ రోడ్డు పక్కనే ఉన్నాయి. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

నాజ్కా పట్టణపు పొలిమేరలో, మళ్ళీ ఈ రహదారి పక్కనే, మరియా రైష్ పేరుతో చిన్న విమానాశ్రయం ఉంది. రాత్రంతా నేల మీద ప్రయాణించి వచ్చినవారు అక్కడ సుమారు అరగంట గాలిలో గడపడానికి క్యూ కడతారు. నడుము నొప్పెట్టేటంత దూరం రోడ్డు మీద వచ్చి, ఒక పూట వంటకు పట్టేంత సమయం కూడా గాలిలో ఉండని ఈ యాత్ర లెక్క చిత్రమైనదే. విమానాలు చాలావరకు సెస్నా రకానికి చెందినవి, రెక్క పైన, కిటికీ కింద ఉండేవి కనుక కిందికి చూడడానికి అనువైనవి. బరువు సమంగా ఉండాలి కాబట్టి ఎక్కేవారిని ముందుగా తూకం వేసి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో సిబ్బందే నిర్ణయిస్తారు. ఎండ ముదిరేకొద్దీ నేల నుంచి వేడిగాలి లేచి విమానాన్ని కుదుపుతుంది, అందుకే ఉదయం విమానాలకే గిరాకీ. ప్రతి బొమ్మ మీదా పైలట్ ఒకసారి కుడిరెక్క వంచి, వెనక్కి తిరిగి మరోసారి ఎడమరెక్క వంచి చక్కర్లు కొట్టకపోతే ఒక వరుసవారికి మాత్రమే బొమ్మ దక్కుతుంది. ఆ న్యాయబుద్ధి ఫలితంగానే కడుపులో తిప్పుతుంది, అందుకే టిఫిను తినకుండా రమ్మని ముందే చెబుతారు. 2010లో జరిగిన రెండు ఘోర ప్రమాదాల తరువాత భద్రతా నియమాలు బిగిశాయి. అయినా 2022లో మరో విమానం కూలింది.

పైనుంచి కనిపించేది మాత్రం కాదనలేనిది. సాలీడు 46 మీటర్లు, తేనెపిట్ట సుమారు 93 మీటర్లు, రాబందు జాతికి చెందిన కాండోర్ 130 మీటర్లకు పైగా; తోకను సుడిగా చుట్టుకున్న కోతి ఈ ఎడారిలో బతికే జంతువే కాదు, పర్వతాలకు అవతలి అమెజాన్ అడవిది. ఈ బొమ్మలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నవి, కాని ఫొటోల్లో అంతగా నిలవనివి, గుట్టలనూ వాగులనూ లెక్కచేయకుండా కిలోమీటర్ల కొద్దీ సాగే తిన్నటి గీతలు. వాటన్నిటికన్నా స్పష్టంగా కనిపించే నల్లటి గీత ఒకటి వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పోతుంది. దాన్ని ఫొటోలోంచి తప్పించాలని కెమెరాలు ప్రయత్నిస్తాయి, పైలట్లు మాత్రం దాన్నే దిక్కుగా వాడుకుంటారు. ఈ రహదారికి దాని పట్ల సహజంగానే కొంత పక్షపాతం ఉంది.

ఆకాశం నుంచి మాత్రమే పూర్తిగా కనిపిస్తాయి గనుక ఆకాశం కోసమే గీశారన్న వాదనకు జనంలో ఉన్నంత ఆదరణ పరిశోధకుల్లో లేదు. 1968లో రచయిత ఎరిక్ ఫాన్ డానికెన్ తన పుస్తకంలో ఈ గీతలను గ్రహాంతరవాసుల వాహనాలు దిగడంతో ముడిపెట్టాడు. గులకరాళ్ళు ఏరేసిన మెత్తటి మట్టి మీద బరువైన వాహనం ఏదైనా దిగితే కూరుకుపోతుందన్న సంగతి, రోడ్డు వేయడానికి ఎంత కంకర దిమ్మిస కొట్టాలో ఎరిగిన ఎవరికైనా తడుతుంది. కోసాక్, రైష్‌ల పంచాంగ వాదాన్ని ఖగోళశాస్త్రవేత్త జెరాల్డ్ హాకిన్స్ కంప్యూటర్‌తో పరీక్షించి, నక్షత్రాలతో సరిపోయే గీతలు యాదృచ్ఛికంగా సరిపోయేవాటికన్నా ఎక్కువ లేవని తేల్చాడు. పరిశోధకులు ఆంథనీ అవేని, గ్యారీ అర్టన్ 1980లలో ఈ మైదానాన్ని నడిచి, తిన్నటి గీతలు అరవైకి పైగా కేంద్రాల నుంచి, అంటే చిన్న దిబ్బల నుంచి, కిరణాలుగా విడివడుతున్నాయని, ఆ కేంద్రాలు చాలావరకు ఏటి గట్లకు, గుట్టల అంచులకు దగ్గరగా ఉన్నాయని చూపారు. నీరే దైవమైన ఎడారిలో నీటికోసం నడిచే దారులు ఇవి అన్న వాదన అక్కడి నుంచి బలపడింది. ఒకే గీతతో గీసిన కోతి బొమ్మలోకి ఒక చోట ప్రవేశించినవారు, తమ అడుగును తాము తొక్కకుండా మొత్తం తిరిగి మరో చోట బయటికి రాగలరు. అటువంటి బొమ్మను చూడడానికి చేశారనడంకన్నా నడవడానికి చేశారనడమే ఈ రహదారికి సబబుగా తోస్తుంది. మెహియా హెస్పె అన్నదీ దాదాపు ఇదే.

జపాన్‌లోని యమగాటా విశ్వవిద్యాలయం 2024 సెప్టెంబరులో ప్రకటించిన ఫలితాలు ఈ మాటకు మరో ఆధారం ఇచ్చాయి. మసాటో సకాయ్ నాయకత్వంలోని బృందం, ఐబీఎం సంస్థతో కలిసి, విమానం నుంచి తీసిన ఫొటోలను కృత్రిమ మేధతో జల్లెడపట్టి, ఆరు నెలల క్షేత్రపరిశీలనలో 303 కొత్త బొమ్మలను గుర్తించింది. అంతవరకు తెలిసిన బొమ్మల సంఖ్య దాదాపు రెట్టింపైంది. వాటిలో ఎక్కువ భాగం సగటున 9 మీటర్లే ఉండే చిన్నవి. మనుషులను, పెంపుడు జంతువులను, తెగిన తలలను చూపేవి. అవి మెలికలు తిరిగే కాలిబాటల పక్కన, బాటసారికి కంటపడేలా ఉన్నాయి. సగటున 90 మీటర్లుండే పెద్ద బొమ్మలు మాత్రం అడవి జంతువులవి, సామూహిక కర్మకాండ జరిగే తిన్నటి గీతల దగ్గరివి. మిరాదోర్ నాచురల్ అని పిలిచే గుట్ట మీదికి సందర్శకుల కోసం దారి బాగుచేస్తుండగా, 2020లో, వాలు మీద 37 మీటర్ల పిల్లి బొమ్మ బయటపడింది. అది పంపా బొమ్మలకన్నా పాతది, వాలు మీదిది కావడం వల్ల నేల నుంచే చూడదగినది. ఎదురుగా ఉన్న ఈ రహదారి మీదుగా దశాబ్దాలుగా బస్సులు పోతూనే ఉన్నాయి.

రోడ్డు దారి చూపినవారందరూ చూడడానికే రాలేదు. ఈ గీతల మీద ఒక్కసారి వేసిన అడుగు కూడా నిలిచిపోతుంది, ఎందుకంటే చెరపడానికి వాన లేదు. గీతలను కాపాడిన ఎండే గాయాన్నీ కాపాడుతుంది. 2014 డిసెంబరులో ఒక పర్యావరణ సంస్థ కార్యకర్తలు తేనెపిట్ట బొమ్మ పక్కన పెద్ద అక్షరాలు పరచడానికి నిషిద్ధ స్థలంలో నడిచి అడుగుజాడలు మిగిల్చారు. 2018 జనవరిలో ఒక సరకు లారీ ఈ రహదారిని వదిలి పంపా మీదికి దిగి మూడు గీతల మీద చక్రాల చాళ్ళు వేసింది. యునెస్కో 1994లోనే ఈ గీతలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటి చుట్టూ పెరూ ప్రభుత్వం కాపాడే ప్రాంతం సుమారు 5,600 చదరపు కిలోమీటర్లు. 2025 మే నెలాఖరులో ప్రభుత్వం దాన్ని 3,200 చదరపు కిలోమీటర్లకు కుదించింది. వదిలేసిన నేలలోకి చిన్న బంగారు గనులవారు చొరబడతారని పురావస్తు నిపుణులు ఎదురుతిరగగా, కొద్ది రోజులకే జూన్‌లో ఆ ఉత్తర్వును రద్దుచేసి పాత హద్దునే నిలిపింది.