సైలెన్సర్ మార్చడమూ ఒక పనేనా!

తమ్ముడూ, బుల్లెట్‌కి కొత్త సైలెన్సర్ కొన్నావు, సంతోషం. ఇప్పుడు దాన్ని షెడ్డుకి పట్టుకెళ్ళి బిగింపు కూలి ఇచ్చుకుంటానంటే మాత్రం నేనొప్పుకోను. ముందు రెండు నట్లు, మధ్యలో ఓ క్లాంపు, వెనక ఫుట్‌రెస్టు దగ్గర ఓ బోల్టు. ఈమాత్రానికి మెకానిక్కెందుకు? నేను అరుగు మీద కూర్చుని చెబుతుంటాను, నువ్వు కానియ్.

పనికి మంచి ముహూర్తం బండి ఊరంతా తిరిగొచ్చిన మరుక్షణం. ఇంజన్ నుంచి వచ్చే బెండు పైపు వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది కాబట్టి, ఎక్కడ పట్టుకోకూడదో ఒక్కసారి ముట్టుకుంటే జన్మంతా గుర్తుంటుంది.

ఇంజన్ హెడ్డు దగ్గరి నట్లు ఏళ్ళ తరబడి వేడికి కాలి, వానకి తడిసి, తుప్పుతో స్టడ్లకి అతుక్కుపోయి ఉంటాయి. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా నాననివ్వమంటారు కొందరు. ఇడ్లీకి మినప్పప్పా, నానబెట్టడానికి? పానా చివర ఇనప గొట్టం తొడిగి, దాని మీదెక్కి నిలబడు. టక్కుమంటుంది. నట్టు వదిలిందని సంబరపడతావు. వదల్లేదు, స్టడ్డు విరిగింది. సగం నీ చేతిలో, సగం అల్యూమినియం హెడ్డులో. కంగారేం లేదు. లేతు షాపుకెళ్ళి ఆ ముక్క నడిమధ్యకి బెజ్జం వేయించి తీయించు, లోపలి మర పాడైతే హెలికాయిల్ పెట్టించు. బిగింపు కూలి మిగిల్చావుగా, అది బయానాకి సరిపోతుంది.

ఇక గ్యాస్కెట్. కొట్లో సైలెన్సర్‌తోపాటు వేలెడంత రింగు కూడా కొనమని సతాయిస్తారు. వేలు పోసి సైలెన్సర్ కొన్నవాడివి, టిఫిన్ ఖర్చంత ఉండే రింగుకి లొంగుతావా? పాతది పోర్టులోనే ఉంది. మసితో కలిసి గోడలో గోడైపోయింది గనక చాలామందికి అసలు కనిపించదు కూడా. ఇది ఒక్కసారి బిగిస్తే నలిగి, హెడ్డుకీ పైపుకీ మధ్య సందుని పూడ్చే వస్తువు. మళ్ళీ బిగిస్తే నలగడానికి దాంట్లో ఏమీ మిగలదు. అయినా పరవాలేదు, అలాగే ఉంచు. మరీ అనుమానమైతే నీళ్ళ పైపులకి పెట్టే ముద్ద రెండు వేళ్ళతో మెత్తు. మొదటి పావుగంటలోనే కాలి, పెళుసై, రాలిపోతుంది. అంతదాకా అందంగానే ఉంటుంది.

ఆ తర్వాత హెడ్డు దగ్గర చుఫ్ చుఫ్ మని చప్పుడు, ఫ్లాంజి చుట్టూ నల్లటి మసి. యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా టపాకాయలు. సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుని, పైపులో మిగిలిన పెట్రోలు అక్కడ అంటుకుంటోందన్నమాట. పక్కవాడికి మాత్రం రేసు బండి అని చెప్పు. 2020 ఏప్రిల్ 1 తర్వాతి బీఎస్-6 బండైతే ఇంకో భోగం ఉంది. పైపులోని ఆక్సిజన్ సెన్సర్ ఆ దొంగగాలిని చూసి, ఇంజన్‌కి పెట్రోలు చాలడం లేదనుకుంటుంది. కంప్యూటర్ పాపం ఇంకాస్త పోస్తుంది. మైలేజీ పడిపోతుంది. బంకువాడూ బతకాలి కదా.

బిగించే వరసలోనే అసలు మజా. అన్నీ చేత్తో వదులుగా పట్టించి, ముందు నట్లు రెండూ మార్చి మార్చి కొంచెం కొంచెంగా తిప్పి, ఆనక క్లాంపు, చివర వెనక బోల్టు అని కంపెనీ పుస్తకంలో ఉంటుంది. పుస్తకం రాసినవాడికి తీరికెక్కువ. నువ్వు వెనక బోల్టు నుంచే మొదలెట్టు, విరగబిగించు. పైపు హెడ్డుకి వంకరగా వస్తే మోకాలితో నెట్టు. ఒక నట్టు ఆఖరిదాకా బిగించాకే రెండోదాని మొహం చూడు. ఫ్లాంజి ఓ పక్క ఆనుతుంది, ఇంకో పక్క నోరు తెరుస్తుంది. నాలుగు రోజులు తిరిగాక నట్లు మళ్ళీ ఓసారి చూసుకోమంటే నవ్వేసి ఊరుకో. క్రోము మీద జిడ్డు చేతి ముద్రలు తుడవకు. వేడికి అవి మాడి అక్కడే నిలిచిపోతాయి, నీ సంతకంలా.

చప్పుడు చాలకపోతే, దాన్ని అణచడానికి సైలెన్సర్ లోపల పెట్టిన బఫెల్ కూడా పీకెయ్. కంపెనీ గేటు దాటేనాటికి 175 సీసీ పైబడిన బండికి 80 డెసిబెళ్ళు మించకూడదని నిబంధన. గేటు దాటి చాలాకాలమైంది కదా! మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మూడు నెలలు మూలకి. విశాఖలోనూ, హైదరాబాద్‌లోనూ పోలీసులు ఇలాంటి సైలెన్సర్లని వరసగా పేర్చి రోడ్డు రోలర్ ఎక్కించారు. నీదీ ఆ వరసలో పడితే ఊరంతా ఫొటోలు తీస్తుంది.

పట్టుకుంటే పాతది బిగించుకు రమ్మంటారు గనక, దాన్ని ముందే పాత ఇనప సామాన్ల బండికి వేసెయ్. బీఎస్-6 దైతే కెటలిటిక్ కన్వర్టర్ అందులోనే ఉండొచ్చు, దాని పూతలో ప్లాటినం, పల్లాడియం, రోడియం. బండివాడు కిలో ఇనుము రేటే కడతాడు. గట్టిగా బేరమాడు, ప్లాస్టిక్ బకెట్టు కూడా ఇస్తాడు.