అడుగంటే వాసన

నేను బెల్లం పెనాన్ని. వడ్డాది చుట్టుపక్కల చెరకు తోటల్లో పొయ్యెక్కి, ఎండు పిప్పి మంటకు కాగడమే నా బతుకు. రసం పోయగానే పచ్చి వాసన, మడ్డి తీశాక తియ్యటి ఆవిరి, పాకం ముదిరే వేళ కమ్మదనం. బెల్లం వండేవాడితో నేను మాట్లాడేదంతా ఆ ఆవిరితోనే. అందుకే ఒక మాట గట్టిగా చెబుతాను. తలకు దెబ్బ తగిలి కోలుకున్న మనిషిని మళ్లీ పనిలోకి పిలిచేటప్పుడు కాలూ చెయ్యీ చూసినట్టే ముక్కు సంగతీ అడగాలి. ప్రాణం దక్కింది, ఇక ముక్కు ఒక లెక్కా అంటారు. వాసన నరాలు ముక్కు పైభాగం నుంచి జల్లెడలాంటి ఎముక కన్నాల గుండా మెదడుకు చేరతాయి, సన్నని దారాల్లా. బండి మీంచి పడి తల వెనక నేలకు కొట్టుకున్నా, లోపల మెదడు కదిలి ఆ దారాలు తెగిపోవచ్చు. ముక్కు మీద గీత కూడా ఉండదు. కుట్లు మానగానే బాగైపోయాడంటారు. అతని నాలుకకు తీపి తెలుస్తుంది, ఆ తీపి బెల్లానిదో పంచదారదో తేల్చడమే కష్టం. 1923 నాటి నష్టపరిహార చట్టం పట్టికలో వేలి కొస తెగినా ఇంత శాతమని ఉండేది, వాసన పోతే ఉండేది కాదు. 2016 దివ్యాంగుల చట్టం చెప్పిన 21 వైకల్యాల్లోనూ లేదు. పట్టికలో లేని గాయాన్ని డాక్టరు అంచనా కట్టవచ్చు. కానీ ముందు ఎవరో ఒకరు అడగాలి కదా!

పాకానికి కన్నూ చెయ్యీ చాలవా అనవచ్చు. చాలావరకు చాలుతాయి. చన్నీళ్లలో చుక్క వేస్తే ఉండ కడుతుంది, థర్మామీటరైతే 118 డిగ్రీల దగ్గర చెబుతుంది. అయితే నా అడుగున ఒక మూల మాడుతున్నా పైన నురగ బంగారు రంగులోనే పొంగుతుంటుంది. ముందు పసిగట్టేది ముక్కే. వాసన తెలియనివాడికి ఇంట్లోనూ ముప్పే, వంటగ్యాస్‌కైతే సొంత వాసనే లేదు, లీకు తెలియాలనే మెర్కాప్టాన్ కలుపుతారు. పరవాడ, అచ్యుతాపురం మందుల కంపెనీల్లో పనికి వెళ్లేవాళ్లకు ఈ ముప్పు ఇంకా పెద్దది. అక్కడ మంచి ముక్కునూ నమ్మకూడదు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే వాసన తెలియకుండానే పోతుంది. గ్యాస్ డిటెక్టర్ అందరికీ కావాలి, ఇతనికి మరీ. ముక్కు సంగతి అడగడం మొదలుపెడితే కూలి పోతుందన్న భయం ఉందే, అది న్యాయమైనదే. లోపం దాచుకునేలా చేసేదీ ఆ భయమే. లోపం బయటపడితే సాధనకూ దారి ఉంది. 2009లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమెల్ బృందం గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి వాసనలను రోజుకు రెండుసార్లు చొప్పున 12 వారాలు పీల్చమని వాసన పోయిన కొందరికి ఇస్తే, కొంతమందికి మెరుగైంది. దెబ్బతో వాసన పోయినవాళ్లకు ఆశ తక్కువే, లేకపోలేదు. ఈలోగా థర్మామీటరు అతని చేతికివ్వండి, అడుగంటే వాసన చెప్పే మనిషిని పక్కన నిలబెట్టండి, వంటకు మాత్రం అతన్నే పిలవండి.