పరాతీ బురదలో నా పట్టు: ఒక లంగరు ఆత్మకథ

నేను లంగరును. ఉక్కు పలకలు కోసి, అతికి, జింకు పూత పూసి నన్ను తయారుచేశారు. ఒక తెరచాప పడవ మొన మీద నా కాపురం. మనుషులు ఊళ్లను కంటితో చూసి గుర్తుపెట్టుకుంటారు, నేను అడుగు నేలను పట్టుకుని గుర్తుపెట్టుకుంటాను. బండ మీద జారిపోతాను, నాచు మీద నిలవలేను. చిక్కటి బురద దొరికితే మాత్రం రాత్రంతా పడవను కాపాడతాను. అలాంటి బురద నాకు బ్రెజిల్‌లో, పరాతీ ముందు దొరికింది.

రియో డి జనీరోకీ సావో పాలోకీ మధ్య తీరంలో ఉంది ఆ ఊరు. ఇల్యా గ్రాండె అఖాతంలోకి మేం వచ్చేసరికి పచ్చటి అడవి కొండలు నీళ్లలోకే దిగి ఉన్నాయి. రేవు దగ్గర లోతు తక్కువ కాబట్టి దూరంగానే ఆగాం. సరంగు లోతుకు ఐదింతల గొలుసు వదిలాడు. ఇంజన్‌ను వెనక్కి నడిపి నా పట్టు పరీక్షించాడు. నేను కదల్లేదు. అప్పుడే అందరూ రబ్బరు పడవెక్కి ఒడ్డుకు వెళ్లారు. సాయంత్రాలు వాళ్లు చెప్పుకున్న కబుర్లన్నీ గొలుసు వెంట దిగి నన్ను చేరేవి.

1667లో పట్టణమైన పరాతీని బంగారం పెంచింది. మినాస్ జెరాయిస్ గనుల బంగారం కొండదారిలో ఇక్కడికి దిగి, ఓడలెక్కి రియోకీ, అక్కడి నుంచి లిస్బన్‌కీ పోయేది. పౌర్ణమి, అమావాస్యల పెద్ద పోటుకు సముద్రం వీధుల్లోకి వస్తుంది. వీధులు నడుమ పల్లంగా ఉంటాయి, నీళ్లు వచ్చి, కడిగి, పాటుతో వెనక్కి పోతాయి. సముద్రాన్ని తరిమేయకుండా దారిచ్చిన ఊరంటే నాకు గౌరవం.

కానీ ఆ వీధుల ఎగుడుదిగుడు రాళ్లు పరిచినవి బానిసల చేతులు. కొండదారిలో బరువులు మోసినవీ వాళ్ల భుజాలే. వాళ్ల కాళ్లకు వేసిన సంకెళ్లూ నా ఇనుప జాతే. అది విన్న రాత్రి నా బరువు నాకే భారమైంది. గుడులు కూడా మనుషులను విడదీసి కట్టారు. నీటి అంచున తెల్లగా కనిపించే సాంతా రీతా 1722 నాటిది, బానిసత్వం నుంచి విడుదలైన మిశ్రమ జాతి వాళ్లది. 1725 నాటి రొజారియో గుడి బానిసలది. 1800 నాటి దోరెస్ గుడి సంపన్న శ్వేతజాతీయులది.

తర్వాత బంగారానికి రియో వైపు వేరే దారి పడింది. కాఫీ, చెరకు సారా కషాసా కొంతకాలం ఊరిని పోషించాయి. 1870లలో రైలు ఊరిని తాకకుండా కొండల అవతలి లోయ గుండా వెళ్లిపోయింది, 1888లో బానిసత్వం రద్దయింది. ఊరు దాదాపు ఖాళీ అయింది. కొత్త మేడలు కట్టేందుకు డబ్బు లేక పాత ఇళ్లు పాతగానే మిగిలాయి. 1970లలో తీరం వెంట పెద్ద రోడ్డు వచ్చేసరికి వాటి విలువ లోకానికి తెలిసింది. 2019లో యునెస్కో పరాతీని, ఇల్యా గ్రాండె దీవిని, చుట్టూ ఉన్న అడవులను కలిపి ప్రపంచ వారసత్వంలో చేర్చింది.

ఇప్పుడు పాత ఊరి వీధుల మొదట్లో గొలుసులు కట్టి కార్లను ఆపుతారట. మనుషులను కట్టేసిన ఇనుము ఈనాడు ఊరిని కాపాడుతోంది. నా జాతికి ఇంతకన్నా మంచి పని ఏముంటుంది? పరాతీకి వచ్చేవాళ్లను ఒక్కటే కోరుతాను: ఆ రాళ్ల మీద నెమ్మదిగా నడవండి, పరిచిన చేతులను తలుచుకోండి.