‘ఇనపడలే’ యను మహామంత్రము

హెడ్‌ఫోనులు చెవులకెక్కినది మొదలు విద్యార్థులలో స్నేహభావము క్షీణించినదని విలపించు పెద్దలను జూచి హనుమకొండ కళాశాలల యువకులు మందహాసము చేయుదురు. వారి సిద్ధాంతము వేఱు. ఒకే పాటల పట్టికను పదిమంది పంచుకొనుచున్నారు గావునను, హాస్టలు గదిలో నొక్కొక్క మంచముపై నొక్కొక్కడు చెవులు మూసికొని పరుండియు ప్రక్కమంచమువానికి ఫోనులో “ఈ పాట విను మామా” యని సందేశము పంపుచున్నాడు గావునను, మైత్రి మునుపెన్నడును లేనంత దృఢముగా నున్నదని వారు వాదింతురు. ఇంతటి మైత్రిని కన్నులార జూడవలెనను కుతూహలముతో నేనొకనాడు ఒక కళాశాల క్యాంటీనులో గూర్చుంటిని.

ఒకడు వచ్చి బల్లయొద్ద నిలిచి, “చాయ్ తాగుదామా బై?” యనెను. కూర్చున్నవాడు బల్లపై వ్రేళ్లతో తాళము వేయుచు గోడవంక జూచుచుండెను. వచ్చినవాడు రెండవమాఱు హెచ్చుస్వరముతో నడిగెను. మూడవమాఱు భుజము తట్టెను. అంతట నా మహాపురుషుడు కుడిచెవిలోని తెల్లని గుళికను రెండు వ్రేళ్లతో బట్టి వెలికిదీసి, సంభాషణము దీర్ఘము గాగూడదని తెలియునట్లు దానిని చెవికి జానెడు దూరములోనే నిలిపి, “ఏందిరా?” యనెను. “ఏం లేదు పో” యని వచ్చినవాడు వెడలిపోయెను. గుళిక స్వస్థానమున బ్రవేశించెను. పూర్వము ద్వారపాలకులను బెట్టుకొనుటకు సంస్థానమొకటి యుండవలసివచ్చెడిది. ఇప్పుడు రెండువేల రూపాయలు చాలును, చెవికొకడు చొప్పున లభింతురు.

ఏకాగ్రతకొఱకే ధరించుచున్నామని వారు చెప్పు సమాధానమును తేలికగా ద్రోసివేయరాదు. చప్పుడునణచు విద్య సామాన్యమైనది గాదు. అమర్ బోస్ అను ఆచార్యుడు 1978లో విమానయానము చేయుచు, ఇంజను హోరులో పాట సరిగా వినబడక విసిగి, ఆ హోరును మఱియొక ధ్వనితోనే రద్దుచేయు నుపాయమునకు అక్కడనే లెక్కలు వేసెను. చెవికి తగిలించినదానిలోని మైకు బయటి ధ్వనిని గ్రహించును. లోపలి యంత్రము ఆ తరంగమునకు సరిగా తలక్రిందులైన తరంగమును బుట్టించును. రెండును గలిసి శూన్యప్రాయమగును. అయితే ఈ విద్యకొక పరిమితి గలదు. విమానపు హోరు, ఫ్యాను రొద, కాజీపేట స్టేషనులో నిలిచిన డీజిలింజను గుఱ్ఱు మొదలుగా తెరిపిలేక సాగు మంద్రధ్వనులను అది చక్కగా మ్రింగును గాని, ఎగుడుదిగుడులతో నొక్కపెట్టున వచ్చు మనుష్యుని పిలుపును అంత సులభముగా మ్రింగలేదు. పాట మఱీ చెవులు పగులునంత పెద్దదైననేగాని, మన మహాపురుషునకు చాయ్ సంగతి మొదటిమాఱే తెలిసియుండును. రెండువేలు పోసి అతడు కొనినది “ఇనపడలే” యని చెప్పుకొను హక్కు. వెనుకటి దినములలో పిలుపు విని పలుకనిచో పొగరుబోతను పేరు వచ్చెడిది, పలికినచో చాయ్ ఖర్చు వచ్చెడిది. ఈ రెండు కష్టములును ఒక్కదెబ్బతో తీఱినవి.

ఇంతమాత్రమున పెద్దలు సంతోషింప బనిలేదు. కాజీపేటనుండి వరంగల్లునకు బోవు బస్సులో నొక గృహస్థుడు తన ఫోనులోని వార్తలను బస్సంతటికిని దానము చేయుచుండగా, ఆయన చెవులకు హెడ్‌ఫోను తగిలించు పుణ్యాత్ముడెవడైన దొరకునా యని నేనును వెదకియున్నాను.

ఈ యంత్రములను బుట్టించినవారికైనను మొదట కొంత సంకోచముండెను. సోనీ కంపెనీవారు 1979 జూలైలో తొలి వాక్‌మన్‌ను అమ్మకమునకు దెచ్చినపుడు, ఇద్దఱు కలిసి వినుటకు వీలుగా దానికి రెండు రంధ్రములుంచిరి. నారింజరంగు మీటనొకదానిని గూడ నమర్చిరి. అది నొక్కినచో పాట తగ్గి, చిన్న మైకు ద్వారా ఒకరి మాట యొకరికి వినబడెడిది. ఎదుట మనిషియుండగా ఒక్కడే పాట వినుట మర్యాద గాదని కంపెనీ పెద్దయైన అకియో మోరిటాకు తోచుటయే యిందులకు గారణము. కొన్నవారికి మాత్రమట్టి సంకోచము లేకపోయెను. ఎవరి యంత్రము వారు కొనుక్కొనిరి. తరువాతి నమూనాలలో ఆ మీట మాయమైనది. 2016లో ఆపిల్‌వారు ఫోనుకున్న యొక్క రంధ్రమును గూడ పూడ్చి, ఇద్దఱు చెఱియొక కొనను చెవిలో బెట్టుకొనుటకు పనికివచ్చు తీగెను సైతము త్రెంచి పుణ్యము గట్టుకొనిరి.

ఈ హనుమకొండలోనే కాళోజీ సోదరుల చుట్టు మిత్రమండలి పేర సాహితీమిత్రులు గూడి, తమ రచనలను చదివి వినిపించుకొనెడివారు. అచట నెవ్వరికిని మీట లేదు. మిత్రుడు కాగితములు విప్పెనా, కవిత్వము బాగుండినను బాగుండకున్నను ముగియువఱకు గూర్చుండవలసినదే. ముగిసిన పిదప అతని మొగము జూచి అభిప్రాయము చెప్పవలసినదే. నచ్చని చరణమును దాటవేసి మఱియొక మిత్రునికడకు బోవు సౌకర్యము మృగ్యము. నేటివారు దీనిని హింస యందురు. ఆనాటివారు ఈ హింసకై పనిగట్టుకొని యిల్లు వెడలి వచ్చెడివారు.

రుద్రదేవుడు 1163లో గట్టించిన వేయిస్తంభముల గుడి యావరణమున సాయంకాలము విద్యార్థులు గుంపులుగా గూర్చుందురు. చెవిలో కోరిక చెప్పుకొన వచ్చినవారిని నల్లరాతి నంది యెవ్వరినిగాని త్రిప్పిపంపదు. దానికి నాలుగడుగుల దూరములో నొక విద్యార్థి రెండు చెవులకును గుళికలు బిగించుకొని యొంటరిగా నుండగా, ఏ పాట వినుచున్నావని యడిగితిని.

“పాట లేదు సార్, పొద్దుగాలనే ఛార్జింగ్ అయిపోయింది.”

“మఱి చెవుల్లో ఎందుకు బాబూ?”

“ఊకెనే సార్. తీస్తే ఎవలో ఒకలు మాట్లాడిస్తరు.”

ఈ ప్రశ్నోత్తరములు జరిగినంతసేపును గుళికలు వాని చెవులలోనే యుండెను; నా మాటలలో నొక్క యక్షరమైనను వానికి వినబడకపోలేదు.