ప్రేమకో పహణీ

ప్రేమ పెళ్లికి తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి చేయాలన్న కోరిక మీద, రాజ్యాంగం ఒప్పుకుంటే అధ్యయనం చేయిస్తామని 2023లో మెహసాణాలో గుజరాత్ ముఖ్యమంత్రి భూపేంద్ర పటేల్ గారు సెలవిచ్చారు. అధ్యయనం దాకా ఎందుకు సామీ? కర్ణాటకలో మా కోలారు జిల్లా ముళబాగిలు తాలూకా బైరకూరుకు దయచేయండి. హోబళి కేంద్రం. సంతకం లేనిదే ఆకు కదలనివ్వని రెవెన్యూ యంత్రాంగం సిద్ధంగా ఉంది. భూమికి చేసేదే పిల్లకూ చేస్తే సరి.

ఆస్తి ఎవరి పేర ఉందో తేలితేనే సమ్మతి ఎవరిదో తేలుతుంది. కనుక ఆడపిల్ల పుట్టగానే పహణీ రాయాలి. హక్కుదారు గడిలో తండ్రి, ఆయన తదనంతరం అన్న, వాళ్లిద్దరూ లేకుంటే మేనమామ. చెక్కుబందీ: తూర్పున కులం, పడమర బంధువులు, ఉత్తరాన ఊరి పెద్దలు, దక్షిణాన నలుగురేమనుకుంటారో. అమ్మాయి ఇష్టానికి గడి లేదు. ఫారంలో చోటు చాల్లేదు.

పీయూసీ చదివే కుర్రాడు ముళబాగిలు బస్సులో ఒకమ్మాయి కోసం సీటు ఆపాలనుకుంటే ముందు నాడకచేరిలో (హోబళి కార్యాలయంలో) అర్జీ ఇవ్వాలి. గ్రామ లెక్కాధికారి మహజరు రాస్తాడు. సర్వేయరు గొలుసు పట్టుకుని వాళ్ల వీధికీ వీళ్ల కేరికీ (దళితవాడకీ) మధ్య దూరం కొలుస్తాడు. నడిస్తే రెండు ఫర్లాంగులే. గొలుసు వేస్తే మూడు వేల ఏళ్లు తేలుతుంది. అర్జీ తిరస్కరణ.

అర్జీ పెట్టకముందే చూపులు కలిసిపోయాయా? అది ఆక్రమణ. ప్రభుత్వ భూమి ఆక్రమణలకున్న బగర్ హుకుం కింద సక్రమం చేయమని ఫారం 57 లాంటిది వేసుకోవచ్చు. బీడు భూముల సంగతే తేల్చలేని కమిటీ వీళ్ల సంగతి తేల్చేసరికి ఇద్దరికీ వృద్ధాప్య పింఛను మంజూరవుతుంది. కోలారు మండీలో 2023లో 15 కిలోల టొమాటో పెట్టె రెండు వేలు దాటింది గనుక, తోట ఉన్న కుర్రాడైతే తకరారు కాస్త మెత్తబడుతుందనుకునేరు. టొమాటోకు ధర పెరుగుతుంది గానీ కేరిలో పుట్టినవాడికి పెరగదు.

మరీ ఎక్కువ చెబుతున్నాననుకోకండి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఇప్పటికే పెళ్లి నోటీసును 30 రోజులు కచేరీ గోడకు అంటిస్తోంది. తరుముకొచ్చే వాళ్లకు పేరూ ఊరూ వెతుక్కునే పని లేదు.

ఇక వెటకారం నా వల్ల కాదు. 2023 జూన్ నెలాఖర్లో ఇదే కోలారు జిల్లా బంగారుపేట తాలూకా బోడగుర్కిలో, దళిత యువకుణ్ణి ప్రేమించినందుకు కూతుర్ని తండ్రే చంపాడని పోలీసులు కేసు పెట్టారు. కబురు తెలిసి ఆ యువకుడు రైలు కింద పడ్డాడు. ఆ అమ్మాయి మైనరు కాదు. ఆమె మనసు ఆమెకు తెలుసు. తండ్రి సమ్మతించలేదు, అంతే. ఆ నిరాకరణకే మీరు చట్టం అండ ఇస్తామంటున్నారు!

ఇద్దరు మేజర్లు ఒకరినొకరు కోరుకున్నాక కుటుంబం, కులం, పంచాయతీ ఎవరి సమ్మతీ అక్కర్లేదని 2018 మార్చి 27న శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇలాంటి జంటల కోసం జిల్లాకో ప్రత్యేక సెల్ పెట్టమంది. ఏళ్లు గడిచాయి. ప్రాణభయంతో ఇల్లు దాటిన పిల్ల ఏ తలుపు తట్టాలో మా పల్లెల్లో ఎంతమందికి తెలుసు? అధ్యయనం చేయాల్సింది దాని మీద.

తల్లిదండ్రుల సంతకం అంతగా కావాలంటే ఒక్కటి తీసుకోండి: మా పిల్ల ఎవర్ని చేసుకున్నా మేం చంపం అని. దానికి రాజ్యాంగం ఎప్పుడో ఒప్పుకుంది.