‘లింకు లేదు’ అను మూలమునకు టీకా తాత్పర్యం

మూలం: లింకు లేదు. రేపు రండి.

అవతారిక: జనగామలో ఒకానొక బ్యాంకు కౌంటరు కిటికీకి, చెప్పుల డబ్బా అట్ట మీద నీలి స్కెచ్ పెన్నుతో రాసి, సుతిలి తాడుతో వేలాడదీసిన శాసనమిది. కర్త అజ్ఞాతుడు. కాలం, చిన్న ఊళ్ల ఖాతా పుస్తకాలు కంప్యూటర్లలోకి ఎక్కుతున్న రోజులు. పాస్‌బుక్కు చంకలో పెట్టుకుని మూడు రోజులు దీని ఎదుట నిలబడ్డాను గనుక వ్యాఖ్యానించే అర్హత నాకుంది. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మన మెతుకుసీమ కొలిచెలమ మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. నాకంత నిగ్రహం లేదు.

ప్రతిపదార్థం: లింకు = ఈ కంప్యూటరుకూ నగరంలోని పెద్ద కంప్యూటరుకూ నడుమ అద్దెకు తీసుకున్న టెలిఫోను తీగ; లేదు = ఉన్నది గానీ పలకదు; రేపు = కిందికి చూడుడు; రండి = పొండి.

టీక: మామూలు ఫోనుకు నంబరు తిప్పాలి, ఎక్స్చేంజి కలపాలి, మాటయ్యాక పెట్టేయాలి. ఈ అద్దె తీగకు, అనగా లీజు లైనుకు, ఇవేవీ లేవు. రాత్రింబవళ్లు ఆ రెండు చోట్లనే కలిపి ఉంచుతుంది. మాట్లాడినా మాట్లాడకున్నా అద్దె కట్టాల్సిందే. చాలాచోట్ల నాలుగు తీగలు, రెండు చెప్పడానికి, రెండు వినడానికి. (సంసారాల్లోనూ ఈ ఏర్పాటుంటే బాగుండేది.)

అయితే ఆ లైను మనిషి గొంతు కోసం పుట్టింది. 300 నుంచి 3400 హెర్ట్జుల దాకా పలికే ధ్వనినే మోస్తుంది. కంప్యూటరుకేమో గొంతు లేదు, సున్నా ఒకటి తప్ప మాట రాదు. అందుకే ఇటొక మోడెం, అటొక మోడెం. ఇటుది అంకెలను స్వరం చేసి పాడుతుంది, అటుది పాట విని మళ్లీ అంకెలు రాసుకుంటుంది. మాడ్యులేటరు, డీమాడ్యులేటరు అనే రెండు పేర్ల తలలు తెంపి అతికిన పేరది. చిన్నయసూరి సమాసాల్లో దీనికి చోటు దొరకలేదు. 1962 నాటి బెల్ 103 సెకనుకు 300 బిట్లు పాడేది. తర్వాతి తరాలు 9600కు, 33,600కు ఎక్కాయి.

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఇంటర్నెట్టును జనానికి తెరిచాక, డయలప్ మోడెం కీచుమంటూ బుస్సుమంటూ చదివే నాంది ఎందరో విన్నారు. లీజు లైను మోడెం మాత్రం మౌని. దాని భాషంతా నుదుటి మీది దీపాలే. అవతలి స్వరం చెవిన పడుతున్నంతసేపు సీడీ అనే దీపం వెలుగుతుంది. స్వరం తెగితే ఆరుతుంది. కాబట్టి మూలకర్తది సాకు కాదు. బల్ల కింద దుమ్ములో ఆ దీపం ఆరడం చూసే రాశాడు.

వ్యాకరణం: ఉత్తుకు అచ్చు పరమైతే సంధి. ‘లింకు’కు పరమైనది హల్లు, కనుక సంధి లేదు. పక్కపక్కనున్న రెండు మాటలే కలవనప్పుడు జనగామ, హైదరాబాదు కలుస్తాయా?

పాఠాంతరాలు: మానుకోట ప్రతిలో ‘లైను వోయింది’ అని ఉంది. ఇదే మేలైన పాఠం, దోషం తీగదని తేల్చి చెబుతుంది. జాయింటులో వాననీళ్లు దిగితే స్వరంలో రొద కలుస్తుంది. మనిషైతే ‘ఏందీ?’ అని మళ్లీ అడుగుతాడు. మోడెం తడబడి, చివరికి వదిలేస్తుంది. రోడ్డు వెడల్పు చేసే జేసీబీ పన్ను, రాగి కోసం రాత్రిపూట తిరిగే కత్తి వేరే సంగతి. భూపాలపల్లి ప్రతిలో ‘లింకొస్తలేదు’. రైలుపట్టాలు లేని బొగ్గు ఊరు, వరంగల్ నుంచి పరకాల మీదుగా పోవాలి; ఆ దూరమంతా ఆ ఒక్క క్రియాపదంలో ఉంది. 2016 అక్టోబరు 11న జనగామతో కలిపి ఈ మూడూ వరంగల్ నుంచి విడివడి జిల్లాలయ్యాయి. ఇప్పుడు మూడింటా ‘సర్వర్ డౌన్’ అనే ప్రక్షిప్తమే వినబడుతోంది.

ఆక్షేపం: ‘లింకు లేదు’, ‘సర్వర్ డౌన్’ రెండూ ఒకటే కదా? సమాధానం: కాదు. 1969 అక్టోబరు 29న కాలిఫోర్నియాలో అర్పానెట్టు తొలి సందేశం 50 కిలోబిట్ల లీజు లైను మీద బయలుదేరింది. ‘లాగిన్’ అని పంపబోతే ఎల్, ఓ చేరేసరికి అవతలి కంప్యూటరు కూలింది. చేరింది ‘లో’ ఒక్కటే. లైను నిక్షేపంగా ఉంది, పడింది సర్వరు. వాళ్లు రేపు రమ్మనలేదు, గంటసేపట్లో కలిపారు.

‘రేపు’ గురించి: ఒకప్పుడు మన తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవాళ్లు. ఎప్పుడు చదివినా రేపే కదా, దయ్యం పాపం తిరిగి పోయేది. ఇక్కడ ఖాతాదారుడు పోతాడు.

తాత్పర్యం: ఈ మూలాన్ని కంప్యూటరులో టైపు చేస్తే చుక్కలు, ఖాళీలతో సహా 56 బైట్లు. 9600 మోడెం దీన్ని సెకనులో ఇరవయ్యో వంతు దాటకుండా అవతలికి చేరుస్తుంది, లింకుంటే.

నాలుగో రోజు వెళ్తే అట్ట తిప్పి ఉంది. వెనకవైపు ‘భోజన విరామం’ అని రాసి ఉంది. దానికి టీక అక్కర్లేదు.